మొక్కల క్వారంటైన్‌లో ప్రవేశ స్థానాల నిర్దేశం: రామగుండం బొగ్గు ప్రాంతం నుండి ఒక పరిశీలన

రామగుండం, గోదావరిఖని ప్రాంతానికి సముద్రం లేదు, రేవు లేదు. అయినప్పటికీ ఇక్కడి పంట పొలాల భద్రత కొంతవరకు విశాఖపట్నం, కాకినాడ రేవులలోను, హైదరాబాదు విమానాశ్రయంలోను జరిగే తనిఖీపై ఆధారపడి ఉంది. గనుల పక్కనే వరి, పత్తి, మొక్కజొన్న పండే పెద్దపల్లి జిల్లాలో పనిచేసే విస్తరణ సిబ్బంది, వ్యవసాయ విద్యార్థులు ఈ సంబంధాన్ని గుర్తించడం అవసరం.

'క్వారంటైన్' అనే మాట ఇటలీ రేవులలో ఓడలను నలభై రోజులు నిలిపి ఉంచిన ఆచారం నుండి వచ్చింది. అది మనుషుల వ్యాధుల కోసం ఏర్పడినది. మన దేశంలో అదే సూత్రం పంటలకు మొదట వర్తించింది పత్తి విషయంలోనే. మెక్సికన్ కాయ ముక్కు పురుగు రాకుండా దిగుమతి పత్తి బేళ్లను విషవాయువుతో శుద్ధి చేయాలని 1906లో ఆదేశించారు. ఆ తరువాత 1914లో హానికర కీటకాలు, తెగుళ్ల చట్టం వచ్చింది. నేడు మన పత్తి రైతు గులాబీ రంగు పురుగుతో ఎంత నష్టపోతున్నా, ఆ ముక్కు పురుగు మాత్రం ఇప్పటికీ మన దేశంలో స్థిరపడలేదు. రాని పురుగు వల్ల కలిగిన లాభాన్ని ఎవరూ లెక్కగట్టరు. క్వారంటైన్ పనికి గుర్తింపు తక్కువగా ఉండడానికి ఇదే కారణం కావచ్చు.

ప్రస్తుతం అమలులో ఉన్న 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, మొక్కలు, మొక్కల ఉత్పత్తులు ఏయే రేవులు, విమానాశ్రయాలు, సరిహద్దు కేంద్రాల ద్వారా ప్రవేశించవచ్చో పేరుపేరునా నిర్దేశించింది. విత్తనాలు, నాటు మొక్కల విషయంలో నిబంధన మరింత కఠినం. వాటికి అమృత్‌సర్, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీలను పేర్కొని, అవసరమైన ఇతర స్థానాలను ప్రత్యేకంగా ప్రకటించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఉంచారు. తనిఖీకి కీటక శాస్త్రజ్ఞుడు, తెగుళ్ల శాస్త్రజ్ఞుడు, ప్రయోగశాల, శుద్ధి చేసే ఏర్పాటు, తిరస్కరించిన సరుకును నాశనం చేసే వసతి కావాలి. ఇవన్నీ ప్రతి రేవులోను ఉండవు. కాబట్టి ఒక రేవు పేరును జాబితాలో చేర్చడమంటే అక్కడ ఈ వసతులన్నీ కల్పించే బాధ్యతను ప్రభుత్వం స్వీకరించడమే. వసతి లేకుండా పేరు మాత్రమే చేర్చితే ఆ తలుపుకు గడియ లేనట్లే.

తప్పించుకుని వచ్చిన దానికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టల అంచులలో, రైలు పట్టాల పక్కన, కాలనీల ఖాళీ స్థలాలలో పెరిగే వయ్యారిభామ అమెరికా ఖండానికి చెందినది. ఇది 1950లలో పూణే పరిసరాలలో గుర్తింపబడింది. దిగుమతి గోధుమలతో వచ్చిందని విస్తృతంగా భావిస్తారు. కొత్తగా తిరగవేసిన నేల దీనికి ఎంతో అనుకూలం. దానిని తినే జైగోగ్రామా పెంకు పురుగును మాత్రం 1983లో మెక్సికో నుండి బెంగళూరుకు తెప్పించి, క్వారంటైన్‌లో పరీక్షించిన తరువాతనే విడుదల చేశారు. కలుపు అనుమతి లేకుండా వస్తే, దాని శత్రువు అనుమతితో రావలసి వచ్చింది!

అయితే రేవు తనిఖీకి పరిమితులున్నాయి. 2018లో కర్ణాటకలో గుర్తించిన కత్తెర పురుగు అదే సంవత్సరం తెలంగాణ మొక్కజొన్నకు చేరింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో ఎంతో దూరం ఎగరగలదు. దానిని ఏ ద్వారం వద్దా ఆపలేము.

బొగ్గు ప్రాంతంలో అంతగా దృష్టి పడని మార్గం చెక్క పెట్టె. విదేశాల నుండి వచ్చే గని యంత్రాలు, విడిభాగాలు చెక్క పెట్టెలలో, చెక్క పలకలపై వస్తాయి. సరుకు ఇనుము కనుక అది వ్యవసాయ విషయమని ఎవరికీ తోచదు. ఆసియాకు చెందిన పొడవు మీసాల పెంకు పురుగు ఇటువంటి చెక్క ద్వారానే అమెరికాకు చేరిందని భావిస్తారు. 1996లో న్యూయార్క్‌లో కనిపించిన ఆ పురుగు కారణంగా వేల చెట్లను నరకవలసి వచ్చింది. మన మామిడి కాండం తొలిచే పురుగు కూడా ఆ కుటుంబానికి చెందినదే. అందువలన 2002లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. దాని ప్రకారం చెక్కను మధ్యభాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు వేడిచేయాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ వంటి ఆమోదిత పద్ధతితో శుద్ధి చేయాలి. శుద్ధి జరిగిన చెక్కపై గోధుమ కంకి గుర్తు, రెండు అక్షరాల దేశ సంకేతం, శుద్ధి పద్ధతిని తెలిపే హెచ్.టి. లేదా ఎం.బి. అనే ముద్ర ఉంటుంది.

యంత్రం బిగించిన తరువాత ఖాళీ పెట్టెలు వంటచెరకుగానో, పశువుల పాక తడికెగానో ఊళ్లకు చేరడం సహజం. ముద్ర లేని దిగుమతి చెక్కపై గుండ్రని రంధ్రాలు, తాజా రంపపు పొట్టు వంటి పొడి కనిపిస్తే దానిని అక్కడి నుండి కదిలించరాదు. పురుగు దొరికితే దులిపి పారవేయక, మూత గల సీసాలో ఉంచి, పెట్టె ఏ దేశం నుండి, ఏ రేవు ద్వారా వచ్చిందో వ్రాసి, మండల వ్యవసాయాధికారికి గాని, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి గాని అందజేయాలి. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చేవారు సంచిలో తెచ్చే విత్తనాలకు, మొక్కలకు కూడా దిగుమతి అనుమతి పత్రం, ఆ దేశపు ఫైటోశానిటరీ ధ్రువపత్రం అవసరమని, వాటిని విమానాశ్రయంలో ప్రకటించాలని ప్రయాణానికి ముందే వారి కుటుంబాలకు తెలియజేయాలి.