పిట్టగోడ కట్టితిమా?

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28–30



ఇంటర్మీడియేటు ఫలితములు వచ్చు దినములు మన వరంగల్లు పల్లెలలో సంతోష దినములు. తాతల కాలమున పలక పట్టని యిండ్లలో నేడు బిడ్డలు కాలేజి చదువు ముగించుచున్నారు. ఇందునిమిత్తము దేవునికి స్తోత్రము. అయితే ఆ సంతోషము వెంట దావతు వచ్చినది. దావతులోనికి సీసా వచ్చినది. సీసా ప్రక్కనే మోటారు సైకిలు తాళంచెవి యున్నది.

మొదట మా తప్పిదము ఒప్పుకొనుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక కుటుంబమువారు, తమ వంశములో మొదటిసారి ఇంటరు ప్యాసైన కుమారుని కొరకు విందు చేసిరి. మేము ప్రార్థన చేసి, భోజనము చేసి లేచితిమి. వెళ్లుచుండగా పశువుల కొట్టము వెనుక పిల్లలు కూడియుండుటయు, వారి నడుమ సీసా యుండుటయు చూచితిమి. శుభదినమున గద్దించుట యెందుకని మౌనముగా వచ్చితిమి. ఆ రాత్రి ముగ్గురు ఒకే బండిమీద బయలుదేరి, దీపములేని ట్రాక్టరును గ్రుద్దుకొనిరి. ప్రాణములు దక్కినవి గాని ఆ కుమారుడు నేటికిని కుంటుచున్నాడు. ఆసుపత్రి వరండాలో తండ్రి మా చేతులు పట్టుకొని, "అయ్యగారూ, తాళంచెవి నేనే ఇచ్చిన" అని యేడ్చెను. "సీసాను మేమును చూచితిమి" అని చెప్పుటకు ఆ దినమున మాకు ధైర్యము చాలలేదు. నేడు చెప్పుచున్నాము.

1. గోడ ముందుగా కట్టవలెను

క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము బోధించుచున్నది. పడినవాడు అజాగ్రత్తగా నడచెనేమో. అయినను గోడ యేదని దేవుడు ఇంటివానినే అడుగుచున్నాడు. పిట్టగోడ కట్టుట అతిథిమీద అనుమానము కాదు, ప్రేమ. ఒకడు పడిన తరువాత కట్టిన గోడ వానికి ప్రయోజనము కాదు. గనుక విందు దినమునకు ముందే తలిదండ్రులు కూర్చుండి ఆలోచింపవలెను.

2. ఎద్దు ఎవనిది?

పొడుచు ఎద్దని తెలిసియు దానిని కట్టివేయని యజమానుడు దోషియని నిర్గమకాండము చెప్పుచున్నది. మన దేశ చట్టమును అదే మాట చెప్పుచున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 199ఎ సెక్షను ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసిన యెడల వాని సంరక్షకుడు లేక బండి యజమాని దోషిగా ఎంచబడును. తనకు తెలియక జరిగెననియో, తాను అడ్డగింప యత్నించితిననియో రుజువుపరచినగాని తప్పించుకొనలేడు. శిక్ష 3 సంవత్సరముల వరకు చెర, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. ఇదిగాక, మన రాష్ట్రములో 21 ఏండ్లు నిండనివానికి మద్యము అమ్మకూడదు.

2024 మే 19 తెల్లవారుజామున పూణె నగరములో ఒక కారు మోటారు సైకిలును గుద్దగా, ఇద్దరు యౌవన ఇంజనీర్లు మరణించిరి. నడిపినవాడు 17 ఏండ్ల బాలుడనియు, 12వ తరగతి ఫలితముల సంబరములో త్రాగియుండెననియు పోలీసుల ఆరోపణ. తండ్రియు అరెస్టు చేయబడెను. అంతటి కారు మన ఊళ్లలో లేకపోవచ్చును. మోటారు సైకిలు ఇంచుమించు ప్రతి వాకిట నున్నది.

3. "కొంచెమే గదా" అనువారికి

నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నవాడు బండి నడుపుట నేరము. మొదటిసారికే 6 నెలల వరకు చెర, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. మద్యము కన్నును చేతిని మందగింపజేయును. ఆ ఒక్క సెకనులోనే గేదె అడ్డము రావచ్చును. మజ్జిగ, నిమ్మరసము, చన్నీళ్ల స్నానము మత్తును దించవు. కాలము గడువవలసినదే. కల్లైనను, బీరైనను, విస్కీయైనను రక్తములో చేరునది ఒక్కటే.

4. మనము చేయవలసినవి

విందును పగటివేళ, పెద్దలయెదుట జరిపింతము. వచ్చిన పిల్లల బండి తాళములు ఇంటి పెద్ద తీసికొని, వారిని ఆటోలో ఇండ్లకు పంపవలెను. బిడ్డకు ముందే చెప్పుడి: "ఎంత రాత్రియైనా ఫోను చెయ్యి బిడ్డా, వచ్చి తీసుకపోత. మాటలు పొద్దున." తిట్లకు భయపడిన బిడ్డయే చీకటిలో బండి ఎక్కును. ప్రమాదము జరిగిన యెడల ఆలస్యము చేయక 108కి ఫోను చేయుడి.

అన్నిటికంటె ముఖ్యముగా, పెద్దలు త్రాగుచు పిల్లలను వలదనుట గాలికి పోవు మాట. 1912లో దోర్నకలు మొదటి బిషప్పైన అజరయ్యగారు మన ప్రాంతపు గ్రామ సంఘములలో త్రాగుడునకు విరోధముగా పోరాడిరి. ఆ పోరాటము ఇంకను ముగియలేదు.

యోబు తన పిల్లల విందులు ముగిసిన వెంటనే పెందలకడ లేచి వారి నిమిత్తము బలి నర్పించెను. మనమును ప్రార్థింతము, మరియు తాళంచెవి దాచుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటి తాళంచెవి ఎక్కడ వ్రేలాడుచున్నది?
2. మనము చూచియు మాటలాడని దినము కలదా?
3. రాత్రివేళ నిర్భయముగా మనకు ఫోను చేయగలనని మన బిడ్డ యెరుగునా?

ప్రభువు మన బిడ్డల రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.