మైపాడు ఇసుకలో ఈతకొలను

చిరంజీవి మేనల్లుడికి, నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

నెల్లూరు తీరంలోని మైపాడులో ఒక ఇంటి పెరట్లో ఈతకొలను కట్టే పనికి నిన్ను పంపుతున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం అబ్బయ్యా. నీళ్ల ట్యాంకు ఎలా కట్టాలో కాలేజీలో చదివే ఉంటావు. కానీ సముద్రం ఒడ్డున పని వేరు. అక్కడ మేస్త్రీని ఇబ్బంది పెట్టేది కొలనులో పోసే నీళ్లు కాదు, ఇసుకలో ముందే ఉన్న నీళ్లు.

మన తీరంలో రైతులు తరతరాలుగా దొరువులు తవ్వుకున్నారు. ఇసుకలో కొద్ది లోతు గుంట తీస్తే మంచినీళ్లు ఊరతాయి. వాటినే కుండలతో తోడి మొక్కలకు పోసేవారు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, తనకంటే బరువైన ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. ఆ మంచినీరు సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు 40 అడుగుల వరకు ఉంటుందని భూగర్భజల శాస్త్రం లెక్క. ఎడాపెడా తోడేస్తే కిందున్న ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే గునపం పట్టకముందు పక్కింటి దొరువులోకో బావిలోకో తొంగిచూసి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి రాసుకో. మే నెలలో చూసిన మట్టాన్ని నమ్ముకోవద్దు. నెల్లూరు వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడతాయి.

ఇక అనుమతులు. గ్రామీణ తీరంలో అలల పోటు గీత నుంచి సాధారణంగా 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు తీర నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న ఊళ్లకు 2019 నోటిఫికేషన్ ఆ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించింది. స్థలం ఏ పరిధిలోకి వస్తుందో తీర మ్యాపులో చూడనిదే పని మొదలుపెట్టవద్దు. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నిబంధనలు కూడా పాటించాలి.

ఇప్పుడు అసలు లెక్క. లోపలి కొలతలు 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు అనుకో. 21,600 లీటర్లు పడతాయి. గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందం ఉంటే కాంక్రీటు బరువు దాదాపు 22 టన్నులు. భూగర్భ నీరు నేలకు అర మీటరు కింద ఉన్నప్పుడు ఖాళీ కొలనును పైకి తోసే బలం 19 టన్నులు దాటుతుంది. అంటే బొటాబొటిగా నిలబడుతుంది. వానలకు ఆ నీరు నేలమట్టానికి వచ్చిందా, తోపుడు 30 టన్నులు అవుతుంది. ఖాళీ కొలను పడవలా లేస్తుంది, గోడలు బీటలిస్తాయి. అదే కొలను నిండుగా ఉంటే మొత్తం బరువు 43 టన్నుల పైనే, కదలదు.

2021 నవంబరులో పెన్నా నది పొంగి నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లను ముంచిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి వారంలో ‘శుభ్రం చేద్దాం’ అని కొలను ఖాళీ చేస్తే ఏమవుతుందో పై లెక్క చెబుతోంది.

దీనికి మందు డిజైనులోనే ఉంది. అడుగు స్లాబును గోడల బయటికి కొంత చాపితే, దాని మీద నింపిన ఇసుక కూడా కొలనును నొక్కిపెడుతుంది. అడుగున కంకర పరిచి, కింది నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వు పెడతారు. తవ్వేటప్పుడు ఫిల్టర్ పాయింట్లు దింపి మోటారుతో నీళ్లు తోడుతూనే ఉండాలి. కాంక్రీటు పోసిన రాత్రి కరెంటు పోయినా మోటారు ఆగకూడదు, జనరేటరు సిద్ధంగా ఉంచు. ఇసుక గట్టును నిలువుగా కోయవద్దు, ఏటవాలుగా తీయించు. గుంటలోకి దిగిన కూలీ మీద గట్టు విరిగిపడే ప్రమాదం ఉంటుంది.

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పుపట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఉప్పు తగిలే నేలలో ఎం-35 కాంక్రీటు, కడ్డీకి 50 మిల్లీమీటర్ల కవరు ఉండాలని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మైపాడు బోరు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించాకే మిక్సరులో పోయించు.

కాంక్రీటు పోసి 28 రోజులు గడిచాక, టైల్స్ అంటించక ముందే కొలను నింపి వారం రోజులు గమనించు. మట్టం తగ్గితే కారుతోందా, ఆవిరవుతోందా అన్న అనుమానం వస్తుంది. కొలను నీళ్లలో మునిగిన మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, అందులో నీళ్లు పోసి, బకెట్ లోపలా బయటా గీతలు పెట్టు. మర్నాటికి బయటి మట్టం ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే ఈ కొలనులో 108 లీటర్లు పోతాయి. ఆ మాట యజమానికి ముందే చెప్పు.

నీళ్లన్నీ ఆరు గంటలకొకసారి ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకు 3,600 లీటర్లు తోడే పంపు చాలు. పీహెచ్ 7.2కి, 7.8కి మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం వరకు ఉండాలి. క్లోరిన్ నీళ్లను దొరువు వైపు గానీ రొయ్యల చెరువు కాలువలోకి గానీ వదలనివ్వవద్దు. రొయ్య పిల్లలు దాన్ని తట్టుకోలేవు.

ఒక్కటి మాత్రం ఖర్చు తగ్గించాలన్నా ఒప్పుకోవద్దు. కొలను చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతట అదే మూసుకునే గేటు. 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలే. పంపుకూ లైట్లకూ 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకరు, సరైన ఎర్తింగు పెట్టించు.

పని అప్పగించే రోజున యజమానికి ఒక కాగితం రాసి ఇవ్వు: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కొలను ఖాళీ చేయకూడదు, మిగతా నెలల్లో చేయాలన్నా ముందు నేలలోని నీటి మట్టం చూడాలి. దాన్ని పంపు గది గోడకు అతికించేదాకా అక్కడి నుంచి కదలవద్దు.