ఎవరూ చూడని పని, దేవుడు చూసే పని

శుక్రవారం ధ్యానం – కువైట్‌లో ఉన్న మన తెలుగువాళ్ల కోసం
చదవవలసిన భాగం: 2 రాజులు 5వ అధ్యాయం
తోడుగా చదవండి: లూకా 16:10, కొలొస్సయులకు 3:22-24, ఆదికాండము 39, 40 అధ్యాయాలు

 

ఈ మెసేజ్ మీరు ఎక్కడ చదువుతున్నారో నాకు తెలియదు. సాల్మియాలో పిల్లల్ని స్కూల్లో దింపి కారులో కూర్చుని ఉన్నారేమో. జహ్రాలో రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు కడిగి, మీ చిన్న గదిలోకి వచ్చి ఫోన్ తెరిచారేమో. రాజంపేట, రాయచోటి నుంచి వచ్చినా, నరసాపురం, రాజోలు నుంచి వచ్చినా మనలో చాలామంది చేసే పని ఒకటే రకం. చేస్తే ఎవరికీ కనబడదు, చేయకపోతేనే కనబడుతుంది. పొద్దున ఇంటి ముందు కడిగి శుభ్రం చేస్తాం. మధ్యాహ్నం దుమ్ము గాలి వస్తుంది. సాయంత్రం మళ్లీ కడగాలి. ఇలా రెండేళ్లు, నాలుగేళ్లు, పదేళ్లు గడిచిపోతాయి. అప్పుడు మనసులో ఒక ప్రశ్న లేస్తుంది. "ప్రభువా, నా బతుకంతా ఈ గచ్చు తుడవడానికేనా? నా మీద నీకు వేరే ఉద్దేశం ఏమీ లేదా?"

ఆ ప్రశ్న తప్పు కాదు. దానికి బైబిలులో ఒకే అధ్యాయంలో జవాబు ఉంది. 2 రాజులు 5వ అధ్యాయం అనగానే మనకు నయమాను గుర్తొస్తాడు, ఆయన కుష్ఠు గుర్తొస్తుంది, యొర్దాను నది గుర్తొస్తుంది. ఈసారి సైన్యాధిపతిని కాసేపు పక్కన పెట్టి, ఆ అధ్యాయంలో ఉన్న పనివాళ్లను మాత్రమే చూడండి. మూడు రకాల పనివాళ్లు కనిపిస్తారు.

1. పేరు లేని పనిపిల్ల

ఇశ్రాయేలు దేశం నుంచి సిరియా సైనికులు ఒక చిన్నపిల్లను ఎత్తుకొచ్చారు. ఆమె నయమాను భార్యకు పనిమనిషి అయింది. మనం ఏజెంటుకు డబ్బు కట్టి, వీసా కొట్టించుకుని, అప్పు తీరుద్దామని వచ్చాం. ఆ పిల్ల తన ఇష్టంతో రాలేదు. సెలవు లేదు, జీతం లేదు, ఇంటికి ఫోన్ చేసే దారి లేదు. అమ్మానాన్న ఏమయ్యారో కూడా వాక్యం చెప్పలేదు. ఆమె పేరు కూడా రాయలేదు.

ఆ పిల్ల మాట్లాడినట్టు బైబిలులో ఒక్క మాటే ఉంది. మా యజమాని షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరకు వెళ్తే బాగుపడతాడు కదా అని తన యజమానురాలితో అంది. అంతే. ఆ ఒక్క మాట రాజు దాకా వెళ్లింది. రాజు ఉత్తరం రాశాడు. రథాలు కదిలాయి, వెండి బంగారాలు కదిలాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఒక సైన్యాధిపతి ఇంట్లో పనిపిల్ల చెప్పిన మాటను ఎందుకు నమ్మారు? ఆమె ఆ ఇంట్లో ఏయే పనులు చేసిందో వాక్యంలో లేదు. కానీ ఒకటి మనకు అనుభవం మీద తెలుసు. అబద్ధాలాడే పనిమనిషి మాట విని ఎవరూ పక్క దేశానికి ప్రయాణం కట్టరు. పని ఎగ్గొట్టేవాళ్ల సలహా మీద ఏ మామా తన భర్తను పంపదు. ఆమె మాటకు బరువు ఒక్కరోజులో రాలేదు. రోజూ నీళ్లు తెచ్చి, రోజూ పక్క సర్ది, ఎవరూ చూడనప్పుడు కూడా నిజాయితీగా ఉన్నందువల్లే వచ్చి ఉంటుంది. దేవుడు ఆ ఇంటికి ఒక మాట చెప్పాలనుకున్న రోజున, ఆ మాటను నమ్మించగల నోరు వంటింట్లో సిద్ధంగా ఉంది.

ఇంకొక సంగతి. తనను ఎత్తుకొచ్చిన దేశపు సైన్యాధిపతికే ఆమె మేలు కోరింది. పని చేతులతో చేయొచ్చు. మేలు కోరడానికి మాత్రం మనసు కావాలి.

2. చిన్న పని విలువ తెలిసిన సేవకులు

నయమాను ఎలీషా గుమ్మం దాకా వచ్చాడు. ప్రవక్త బయటికి కూడా రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. మా దమస్కు నదులు దీనికంటే మంచివి కావా అని తిరిగి వెళ్లిపోబోయాడు. అప్పుడు ఆయనను ఆపింది ఎవరు? ఆయన పనివాళ్లే. ప్రవక్త ఏదైనా పెద్ద పని చెప్తే చేసేవాడివి కదా, ఇంత చిన్నది చెప్తే ఎందుకు చేయవు అని మెల్లగా నచ్చజెప్పారు.

గమనించారా? ఈ మాట అధిపతికి తట్టలేదు, సేవకులకు తట్టింది. ఎందుకంటే వాళ్ల రోజంతా చిన్న పనులతోనే గడుస్తుంది. చిన్నదాన్ని చిన్నచూపు చూడకూడదని వాళ్ల చేతులకు తెలుసు. నువ్వు ఇక్కడ నేర్చుకుంటున్న ఓర్పు, సమయపాలన, కోపంలో ఉన్న మనిషితో నెమ్మదిగా మాట్లాడటం, ఇవి ఏ బైబిలు కాలేజీలోనూ ఇంత లోతుగా నేర్పరు.

3. ఎవరూ చూడలేదనుకున్న గేహజీ

మూడోవాడు ప్రవక్త దగ్గరే పనిచేసే గేహజీ. ఎలీషా వద్దన్న కానుక కోసం వెనకాలే పరుగెత్తాడు. అబద్ధం చెప్పి రెండు మణుగుల వెండి, రెండు జతల బట్టలు తీసుకున్నాడు. ఇంట్లో దాచాడు. ఎక్కడికి వెళ్లావు అంటే ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. కానీ ఎలీషాకు తెలిసిపోయింది. నయమానును వదిలిన కుష్ఠు గేహజీకి అంటుకుంది.

విచిత్రం చూడండి. అన్యుల ఇంట్లో ఉన్న పనిపిల్ల నమ్మకంగా ఉంది. దైవజనుడి ఇంట్లో ఉన్న పనివాడు పడిపోయాడు. మనం ఏ ఇంట్లో పనిచేస్తున్నాం అన్నది కాదు, ఎలా పనిచేస్తున్నాం అన్నదే ముఖ్యం. మన ముందు కూడా చిన్న చిన్న గేహజీ దారులు ఉంటాయి. బకాలాలో మిగిలిన చిల్లర, బండి పెట్రోలు లెక్క, బిడ్డ ఏడుస్తున్నా ఫోన్‌లో మాట్లాడుతూ ఉండిపోవడం, ఈ ఇంటి గుట్టు ఆ ఇంటి పనివాళ్లకు చెప్పడం. పావు దీనారే కదా అనిపిస్తుంది. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు నేర్పించాడు (లూకా 16:10).

మన నేల మీద జరిగినవి

ఇవి పాత కాలపు కథలే అనుకోకండి. మన ఒంగోలు సంగతి వినండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. కింద నిద్రపోతున్న ఊరికి ఆ సంగతి తెలియదు.

పన్నెండేళ్ల తర్వాత, 1866లో, జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆయన యౌవనంలో బోధకుడు కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో భూమి కొలిచే సర్వే బృందంలో పనిచేశాడు. గొలుసు లాగడానికీ సువార్తకూ ఏం సంబంధం అనిపిస్తుంది. కానీ 1876-78 నాటి ఘోరమైన కరువులో జనం ఆకలితో చనిపోతుంటే, ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. సర్వే పని తెలిసిన క్లౌ ధైర్యంగా మూడున్నర మైళ్ల కాలువ పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, తిండి దొరికేలా చేశాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి, విరామ సమయంలో కూలీల మధ్య కూర్చుని మాట్లాడారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు కూడా ఆపారు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు చరిత్రలో నిలిచింది. దాని వెనక ఉన్న సర్వే గొలుసును, కాలువ మట్టి తట్టలను దేవుడు మరిచిపోలేదు.

ఇప్పుడు మనం ఉంటున్న ఈ కువైట్‌నే చూడండి. 1912లో ఎలినార్ కాల్వర్లీ అనే అమెరికన్ డాక్టరమ్మ ఇక్కడికి వచ్చింది. అప్పుడు పెట్రోలు సంపద లేదు, ముత్యాల వేట, పడవ వ్యాపారమే ఆధారం. ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసిన మొదటి డాక్టరమ్మ ఆమె. ఆమె పనిలో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్య, పరదా చాటున, పురిటి గదుల్లోనే జరిగింది. బయట ఎవరు చూస్తారు? కానీ ఆ స్త్రీలు ఆమెను ఖాతూన్ హలీమా అని తమ భాషలో పిలుచుకున్నారు. 1920లో జహ్రా యుద్ధంలో గాయపడినవాళ్లకు కట్టుకట్టింది కూడా ఆ అమెరికన్ మిషన్ ఆసుపత్రే. గల్ఫ్ రోడ్డు మీద వెళ్లేటప్పుడు సముద్రానికి ఎదురుగా ఆ పాత భవనం ఇప్పటికీ కనిపిస్తుంది. ఈసారి అటు వెళ్తే ఒకసారి చూడండి. ఈ రోజు ఎన్నో భాషల వాళ్లం సిటీలోని చర్చి ఆవరణలో శుక్రవారం కూడుకుని పాటలు పాడుకుంటున్నామంటే, దాని వెనక ఇలాంటి కనబడని సేవ ఉంది.

ఒక జాగ్రత్త మాట

నమ్మకంగా పనిచేయి అంటే అన్యాయాన్ని నోరు మూసుకుని భరించు అని అర్థం కాదు. ఈ రెండూ కలిపి బోధిస్తే అది వాక్యం కాదు. యోసేపు పోతీఫరు ఇంట్లో నమ్మకంగా పనిచేశాడు, చెరసాలలో కూడా నమ్మకంగా పనిచేశాడు. అయినా రాజుగారి పానదాయకుల అధిపతి విడుదలై వెళ్తుంటే, నా సంగతి ఫరోతో చెప్పి నన్ను బయటికి తెప్పించు అని అడిగాడు (ఆదికాండము 40:14). తన తప్పు ఏమీ లేదని కూడా చెప్పాడు. పౌలు కొరడా దెబ్బలు తినబోయే ముందు తన పౌరసత్వ హక్కును గుర్తు చేశాడు (అపొస్తలుల కార్యములు 22:25). అడగడం అవిశ్వాసం కాదు.

కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015 నాటి 68వ చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. నెల జీతం నెలకే ఇవ్వాలి. మీ పాస్‌పోర్టు మీ అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. ఎండాకాలం జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా ఎండలో బయటి పని చేయించడం కూడా నిషేధమే. అక్కా, నీ మీద చెయ్యి చేసుకుంటుంటే, జీతం ఆపేస్తుంటే, తిండి పెట్టకపోతే, అది నీ సిలువ అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. సంఘంలో నమ్మకమైన పెద్దలకు చెప్పు. భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించు. ఈ మెసేజ్ చదివే అన్నలారా, మీ బిల్డింగులో, మీ వీధిలో అలాంటి చెల్లి ఉంటే తెలియనట్టు ఉండకండి. అదీ దేవుడు చూసే పనే.

మరి గొప్ప ఉద్దేశం సంగతి?

యోసేపు ప్రధాని అయ్యాడు. దావీదు రాజయ్యాడు. కానీ ఆ పనిపిల్ల? ఆమెకు విడుదల దొరికిందో లేదో వాక్యం చెప్పలేదు. నయమాను బాగుపడి వచ్చాక ఆమెకు బహుమానం ఇచ్చాడో లేదో తెలియదు. నమ్మకంగా ఉంటే సూపర్‌వైజర్ అవుతావు, జీతం పెరుగుతుంది అని నేను మీకు మాట ఇవ్వలేను. అలా జరగొచ్చు, జరగకపోవచ్చు. గొప్ప ఉద్దేశం అంటే మన ఫొటో పెద్దదవ్వడం కాదు, దేవుని పనిలో మన వంతు ఉండటం. ఆమె ఆ ఇంట్లో ఉన్నందువల్ల ఒక మనిషి బతికాడు, జీవము గల దేవుణ్ణి తెలుసుకున్నాడు. దాసులుగా పనిచేసే విశ్వాసులకే పౌలు రాశాడు, మీరు నిజంగా సేవ చేసేది క్రీస్తుకే, ప్రతిఫలం ఆయన దగ్గర ఉంది అని (కొలొస్సయులకు 3:24). నెలాఖరున దీనార్లు కఫీల్ ఇస్తాడు. ఈ లెక్క మాత్రం ప్రభువు దగ్గర జమ అవుతోంది.

ఈ వారం చేయవలసినవి

– రోజూ చేసే పనుల్లో మీకు అస్సలు ఇష్టం లేని ఒక పనిని ఎంచుకోండి. ఈ ఏడు రోజులు దాన్ని మొదలుపెట్టే ముందు "ప్రభువా, ఇది నీకోసం" అని చెప్పి చేయండి.
– చిన్న లెక్క ఏదైనా తేడాగా ఉంటే ఈ వారమే సరిచేయండి.
– మీరు పనిచేసే ఇంటివాళ్ల పేర్లు చెప్పి వాళ్ల మేలు కోసం రోజూ ఒక్క నిమిషం ప్రార్థించండి.
– గదిలో ఒంటరిగా ఉన్న ఒక తెలుగు మనిషికి ఫోన్ చేసి, తిన్నావా అని అడగండి.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నా చేతులను నువ్వు చూస్తున్నావు. సబ్బు నీళ్లకు పగిలిన ఈ వేళ్లు నీకు తెలుసు. నా ఇంటి దగ్గర నా పిల్లలు పెరుగుతుంటే నేను వేరే వాళ్ల పిల్లలను ఎత్తుకుంటున్నానని నీకు తెలుసు. ఎవరూ చూడనప్పుడు నమ్మకంగా ఉండే మనసు నాకు ఇవ్వు. అన్యాయం జరిగినప్పుడు అడిగే ధైర్యం ఇవ్వు. ఆ చిన్నపిల్లను వాడుకున్నట్టు, నేనున్న చోట ఒక్కరి మేలు కోసమైనా నన్ను వాడుకో. నా ఇంటివాళ్లను నీ రెక్కల కింద దాచు. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమెన్.

ఈ రోజు పని భారంతో నలిగిపోతున్న ఒక్కరికైనా ఈ ధ్యానాన్ని పంపండి. ప్రభువు చిత్తమైతే వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. 🙏