బ్యాటరీ కదలకూడదు

రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.

కిరణ్,

పాత బాక్స్‌స్టర్ కారు కొన్నావనీ, షెడ్డులో నెల్లాళ్లు ఊరికే ఉండి బ్యాటరీ చచ్చిందనీ, కొత్తది నువ్వే వేసుకుని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం నాయనా. కానీ ఈ నాలుగు ముక్కలు రాయకుండా నిద్ర పట్టలేదు.

గనిలో నా పని లాంప్ రూములోనని నీకు తెలుసు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషి నడుముకూ టోపీ దీపం బ్యాటరీ ఇచ్చేవాళ్లం. ఛార్జి ఎక్కిందా అని ఎంత చూసేవాళ్లమో, బెల్టుకు గట్టిగా పట్టిందా అని అంతే చూసేవాళ్లం. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ దీపం ఆరితే అరచెయ్యి కూడా కనపడదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినా ఆ చూపు నన్ను వదల్లేదు.

అంత తెలిసినవాణ్ణే ఒకసారి తప్పు చేశాను. మా పద్మిని కారులో బ్యాటరీ క్లాంప్ విరిగితే, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టించుకుని అందరం కురుడుమలె వినాయకుడి దగ్గరికి బయల్దేరాం. నువ్వు మీ అమ్మ ఒళ్లో ఉన్నావు. ముళబాగిలు దాటాక ఒక గుంతలో బండి ఎగిరింది. బ్యాటరీ ఒరిగి, పాజిటివ్ టెర్మినల్ ఇనుముకు తగిలింది. నిప్పురవ్వలు, పొగ, కాలిన వైరు వాసన. నిన్ను ఎత్తుకుని రోడ్డు పక్క పొలంలోకి పరిగెత్తాను. ఆ రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

నీ బండిలో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ మూత తాళం కరెంటుతో నడిచేది, కాబట్టి బ్యాటరీ పూర్తిగా చస్తే తెరుచుకోదు. ఫ్యూజ్ బాక్స్‌లో బయటికి లాగే పాజిటివ్ కొస ఒకటి ఉంటుంది. దానికి బయటి బ్యాటరీ నుంచి కరెంటిచ్చి తెరవాలి. పని ముగిసేదాకా ఆ మూత వెయ్యకు.

విప్పేటప్పుడు ముందు నెగటివ్. బండి బాడీ అంతా నెగటివే కదా, పాజిటివ్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే నేరుగా షార్టే. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, ఆఖరున నెగటివ్. ఛార్జి అవుతుంటే బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. దాన్ని బయటికి పంపే సన్న గొట్టాన్ని పాతదాని నుంచి తీసి కొత్తదానికి తప్పకుండా తొడుగు. అంతా అయ్యాక ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెట్టి చూడు, 12.6 వోల్టుల దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు.

ఇక అసలు సంగతి. ఆంపియర్లు సరిపోతే చాలని కొట్టులో ఏదో ఒకటి తెచ్చుకోవద్దు. బ్యాటరీ అడుగున అంచు ఉండాలి, ఆ అంచు మీదే బిగింపు ముక్క కూర్చుని బోల్టుతో పట్టుకుంటుంది. అంచు ఆకారం మారితే బోల్టు బిగిసినట్టే కనిపిస్తుంది, బ్యాటరీ మాత్రం వదులుగానే ఉంటుంది. పదిహేను ఇరవై కిలోల బరువది. ట్రాక్ మీద మలుపులో దాన్ని పక్కకు తోసే బలం దాదాపు దాని బరువంత ఉంటుంది. కింద చెక్కముక్కో గుడ్డో పెట్టి సర్దకు. ప్రాణం పోయినా సైకిల్ ట్యూబు వద్దు. వదులుగా ఊగే బ్యాటరీలో పలకల మీది పూత రాలి, అది త్వరగా పోతుంది కూడా.

ర్యాలీ బండ్లలో బ్యాటరీని అసలు చోటు నుంచి మారిస్తే, లోహపు క్లాంపులకు కనీసం 10 మిల్లీమీటర్ల బోల్టులు వాడాలని అంతర్జాతీయ నియమం. ట్రాక్ తనిఖీలోనూ చేత్తో కదిపి చూస్తారు. వాళ్లకంటే ముందు నువ్వే చూడు. రెండు చేతులతో పట్టి గట్టిగా ఊపు. బండి ఊగాలి, బ్యాటరీ ఊగకూడదు. పాజిటివ్ మీద ప్లాస్టిక్ మూత పెట్టడం మరిచిపోకు.

పాత బ్యాటరీని కొత్తది కొన్న కొట్టులోనే ఇచ్చెయ్. అందులో సీసం, యాసిడ్ ఉన్నాయి. మన ఊళ్లో గనుల సైనైడ్ దిబ్బల దుమ్ము మధ్య పెరిగినవాడివి, నీకు వేరే చెప్పాలా.

ట్రాక్‌కు పోయే ముందు ఒక ఆదివారం ఇటు రా. నా స్పానర్లన్నీ నూనె రాసి ఉంచాను. ఆ బోల్టు నా చేత్తో ఒకసారి చూసుకుంటాను.

మీ మామయ్య