బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురా?

భిలాయి ఉక్కు కర్మాగారములో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959వ సంవత్సరము ఫిబ్రవరిలో ప్రారంభమైనది. అచటి కొలువులకును, చరోదా రైల్వే యార్డు పనులకును ఉత్తరాంధ్ర నుండి పెక్కు తెలుగు కుటుంబములు వచ్చి స్థిరపడినవి. బరువు పనుల కష్టమెరిగిన పెద్దలు తమ పిల్లలు వ్యాయామశాలకు పోయెదమనగానే, "బరువులెత్తినచో ఎదుగుదల నిలిచిపోవును" అని భయపడుట సహజము. ఈ భయమున నిజమెంత?

ఎముక పెరుగు విధము

పొడవైన ఎముకల చివరలయందు మృదులాస్థి పొర యుండును. ఎముక పొడవు పెరుగునది ఇచటనే. ఈ పొర బాలికలలో సుమారు 14–16 ఏండ్లకు, బాలురలో 16–18 ఏండ్లకు గట్టిపడి ఎముకలో కలిసిపోవును. అంతకుముందు దీనికి తీవ్రమైన గాయమైనచో ఆ ఎముక పెరుగుదల చెడవచ్చును. పెద్దల భయమునకు మూలమిదియే. కాని యిట్టి గాయములు మితిమీరిన బరువు, తప్పు భంగిమ, పర్యవేక్షణ లేమివలన కలుగును. తెలిసిన శిక్షకుని యెదుట క్రమముగా చేయు సాధనవలన ఎత్తు తగ్గదు. కండరములు, ఎముకలు బలపడును. ఎత్తును ముఖ్యముగా నిర్ణయించునవి వంశము, ఆహారము, ఆరోగ్యము.

శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలసకు చెందిన కరణం మల్లేశ్వరి 12 ఏండ్ల ప్రాయముననే సాధన ఆరంభించి, 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఏండ్ల తరబడి సాగిన క్రమసాధన ఫలమది.

పాటింపవలసిన నియమములు

1. మొదట బరువు లేకుండ గుంజీలు, దండెములు చేసి భంగిమ నేర్వవలెను.

2. సాధనకు ముందు 5–10 నిమిషములు ఒడలు వేడెక్కునట్లు నడువవలెను, లేక మెల్లగా పరుగెత్తవలెను.

3. తడవకు 8–15 మార్లు సుళువుగా ఎత్తగల బరువునే తీసికొనవలెను. 15 మార్లు శ్రమలేకుండ ఎత్తగలిగిన పిమ్మటనే బరువును కొద్దిగా పెంచవలెను.

4. వారమునకు 2–3 దినములు చాలును. నడుమ ఒక దినము విశ్రాంతి యుండవలెను.

5. ఎవరు హెచ్చు బరువెత్తెదరో యని పందెములు వేయరాదు.

6. కీళ్లలో నొప్పి, వాపు కనిపించినచో వెంటనే మాని వైద్యునికి చూపవలెను. గుండెజబ్బు, మూర్ఛ, అధిక రక్తపోటు గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

7. పప్పులు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు, ఆకుకూరలు తినవలెను, చాలినంత నిద్రపోవలెను.

స్టెరాయిడ్లను మాత్రము తాకరాదు. కండలు త్వరగా వచ్చునని కొందరు ఇచ్చు ఈ మందులు మృదులాస్థి పొరను అకాలమున గట్టిపరచి, ఎదుగుదలను నిజముగనే ఆపగలవు.

తల్లిదండ్రులారా! పిల్లలను వ్యాయామమునకు దూరము చేయకుడు. వారికి నేర్పువాడెవరో, ఏమి నేర్పుచున్నాడో స్వయముగా పోయి విచారింపుడు.