పూడ్చిన బావులు, ఆగిన పంపులు

పాఠ్యభాగము: ఆదికాండము 26:12–33

అబ్రాహాము త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిరి. ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే మరల పెట్టెను. అతనికి మందలు విస్తారముగా నుండెను. నీళ్లు లేక ఒక దినమైనను గడవదు. గెరారు కాపరులు నీళ్లు తమవని జగడమాడగా రెండు బావులు విడిచిపెట్టెను. మూడవదానికి జగడము లేకపోయెను గనుక దానికి రెహోబోతు, అనగా విశాలమైన చోటు, అని పేరు పెట్టెను.

మన జహీరాబాదు ఎఱ్ఱనేలలో బావి త్రవ్వుట ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. అయితే మనలో అనేకులకు తెలియని సంగతి ఒకటున్నది. నేడు ఆఫ్రికా పల్లెలలో అనేకులు నీళ్లు కొట్టుకొను చేతిపంపు మన పొరుగుననే పుట్టినది. పూర్వము మన దేశమునకు వచ్చిన పంపులు పోత ఇనుపవి, విదేశములలో ఒక్క కుటుంబము వాడుకొనుటకు చేసినవి. ఊరంతయు తెల్లవారినది మొదలు కొట్టుచుండగా అవి నిలుచునా? 1960లలో జాల్నాలోని క్రైస్తవ మిషనువారు పోత ఇనుమునకు బదులు ఉక్కు వాడి గట్టి పంపు చేసిరి. జాల్నా 1956 వరకు మనతోకూడ హైదరాబాదు రాష్ట్రములోనిదే. మన బొంబాయి రోడ్డు మీదనే యున్న షోలాపూరులో అది ఇంకను మెరుగుపడెను. 1970లలో ప్రభుత్వమును యునిసెఫ్ సంస్థయు ఆ షోలాపూరు పంపును ఆధారము చేసికొని ఇండియా మార్క్ 2 పంపును సిద్ధపరచిరి. అది ఉగాండా, మాలి, సూడాను మొదలైన దేశములకు పోయెను.

ఉగాండా ఈశాన్యమున కరమోజా అను మెట్ట ప్రాంతమున్నది. అచ్చటివారికి పశువులే ఆస్తి. వానలు తప్పినప్పుడు మందలను దూరము తోలుకొని పోవుదురు. నీళ్లకొరకును మేతకొరకును కొట్లాటలు కలుగును. గెరారు కథ వారికి ఏ బోధకుడును విప్పి చెప్పనక్కరలేదు. ఇట్టి చోట్ల బోరు వేయించువారు పంపు చుట్టు గచ్చు చేసి, ఒలికిన నీళ్లు కాలువగుండ దూరముననున్న పశువుల తొట్టిలో పడునట్లు అమర్చుదురు. పశువులు పంపు మొదటనే నిలిచి త్రాగినయెడల పేడ నేలలోనికి ఇంకి మనుష్యుల నీళ్లు చెడును. బలిసిన గొఱ్ఱెలు నీటిని కాళ్లతో కలకచేయుటను గూర్చి యెహెజ్కేలు 34:18, 19 చూడుడి. యాకోబు బావిలో అతడును కుమారులును మాత్రమే కాదు, పశువులును త్రాగెనని సమరయ స్త్రీ మరువక చెప్పెను (యోహాను 4:12).

పంపు దింపుటతో పని తీరదు. గొలుసుకు గ్రీజు పెట్టవలెను, వాషర్లు మార్చవలెను. మార్క్ 2 లోపలి భాగము చెడినయెడల గొట్టములన్నియు పైకి తీయవలెను. పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని చోట్ల నీటి గుణముచేత ఇనుప గొట్టములు త్రుప్పుపట్టి, నీళ్లు ఎఱ్ఱబారగా, స్త్రీలు మరల పాత గుంటలకే పోయిరి. ఊరివారే విప్పి బాగుచేసికొనదగిన ఆఫ్రిదేవ్ అను పంపును 1980లలో తూర్పు ఆఫ్రికాలో తయారుచేసిరి. మా మట్టుకు, ఇది ఆ ఖండములో జరిగిన మంచి పరిచర్యలలో ఒకటి.

ఇస్సాకు బావులను శత్రువులు పూడ్చిరి. మన పంపులను ఎవరు పూడ్చిరి? క్రొత్త బోరుకు కానుక అడిగినప్పుడు చేతులు లేచును. పాత పంపు వాషరుకు లేవవు. మరియొకటి. ఊరి బావికి దూరముగా నిలిచి, ఎవరైన కడవలో పోయువరకు కనిపెట్టిన దినములు మన పెద్దలకు జ్ఞాపకమున్నవి. అట్టి మన వాడలో పంపు పడిన తరువాత, ప్రక్క వాడవారు బిందెతో రాగా తాళము వేసిన సంఘమును మేము చూచితిమి. ఆ బావికి ఏశెకు అను పేరే తగును గాని రెహోబోతు తగదు.

ఇప్పుడు మన యిండ్లకు మిషన్ భగీరథ నల్లా వచ్చినది. అయినను నల్లా రాని దినమున ఆ పంపే దిక్కు. ఈ నెల ఇంటి కూటములలో యోహాను 4వ అధ్యాయము చదువుడి. చదువకముందు మీ పంపును కొట్టి, ఎన్ని మారులకు నీళ్లు వచ్చునో లెక్కపెట్టుడి. చాలసేపు కొట్టినగాని రానియెడల లోపల వాషరు అరిగియుండును, లేదా అడుగు వాల్వు కారుచుండును. మెకానిక్కును పిలుచుటకు ముందు ప్రక్క వాడవారిని కూడ పిలిచి, ఖర్చు వారితో కలిసి వేసికొనుడి.