ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: జ్వరం లేని పలవరింత

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్లు. షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్నాయి. మూత్రంలో మంటంటే మందుల షాపులో మాత్రలు తెచ్చి వేశాం. రెండో రోజు రాత్రి మమ్మల్నే గుర్తుపట్టలేదు. దుప్పటి పీకుతూ ఏదేదో మాట్లాడారు. ఒళ్లు కాలలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. మర్నాడు విశాఖ తీసుకెళ్తే సెప్సిస్ అన్నారు. ఇప్పుడు ఇంటికొచ్చారు. మెదడు వాచిందని ఫోన్‌లో చదివాం. పిచ్చి పడుతుందా? స్కాను తీయించాలా?
- ఒక పాఠకుడు, ఉప్మాక

జవాబు: అది పిచ్చి కాదు. రోజురోజుకీ తేరుకుంటుంటే మీ అంతట మీరు స్కానుకు పరుగెత్తొద్దు. ఫోన్ పక్కన పెట్టి ఆయన పక్కన కూర్చోండి.

ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే సెప్సిస్‌లో క్రిములు మెదడు దాకా వెళ్లక్కర్లేదు. ఒళ్లంతా రేగిన వాపు రసాయనాలే మెదడును కలవరపెడతాయి. జబ్బుపడ్డ కిడ్నీల నుంచి వెళ్లే నరాల సంకేతాలు ముందే మెదడును ఎగదోస్తుంటాయి. సెప్సిస్ తోడైతే ఆ హడావుడి హద్దు దాటి గుండె దడదడలాడుతుంది. బయటికి పోని యూరియా లాంటి మలినాలు ఇంకా మత్తెక్కిస్తాయి. కిడ్నీ రోగికి చాలాసార్లు జ్వరమే రాదు, మాట తడబాటే మొదటి గుర్తు కావచ్చు. ఇది మీకు ముందే ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆ రాత్రి గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

మాత్రల సంగతి మాత్రం వదలను. క్రియాటినిన్ పెరిగిన కిడ్నీ రోగులకు షాపులో అడిగి మందు వేస్తారా? డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మిగిలిన కిడ్నీని కూడా తినేస్తాయి. యాంటీబయాటిక్ మోతాదు కిడ్నీ పనితీరును బట్టి మారాలి. ఎక్కువైతే కొన్ని మందులే మతి తప్పిస్తాయి. కిడ్నీ జబ్బుల ఉద్దానం పేరు చెప్పుకుని భయపడతాం, మన ఇంటి షుగరూ బీపీలను మరిచిపోతాం! తాయెత్తు ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. అది కట్టి తెల్లారేదాకా ఆగడమే ప్రాణం మీదికి తెచ్చింది.

మళ్లీ మాట తడబడినా, నిమిషానికి ఊపిరి 22కి చేరినా, పై బీపీ 100కు తగ్గినా 108కి ఫోన్ చేయండి. జ్ఞాపకశక్తి కుదుటపడటానికి నెలలు పట్టొచ్చు. రాత్రి చిన్న దీపం ఉంచండి, కళ్లజోడు పెట్టండి, పేరు పెట్టి మాట్లాడించండి.

ప్రశ్న: కిడ్నీ జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లు తాగొచ్చా?
- నక్కపల్లి

జవాబు: పొటాషియం పరీక్ష చూడకుండా వద్దు. వాటిలోని పొటాషియం ఒంట్లో పెరిగిపోతే గుండె ఆగిపోగలదు.